కరువు పోయింది, కాగితం మిగిలింది: ప్రభుత్వ ఆర్కైవ్స్ లోపల ఏం జరుగుతుంది?

ఈ ఎపిసోడ్ ని నేరుగా ఒక లెక్కతో మొదలుపెడదాం. 1832-33లో గుంటూరు జిల్లాలో భయంకరమైన కరువు వచ్చింది. అది నందన నామ సంవత్సరం కాబట్టి దాన్ని నందన కరువు అన్నారు. డొక్కల కరువు అని ఇంకో పేరు కూడా ఉంది. ఎందుకా పేరు వచ్చిందో వింటేనే అర్థమైపోతుంది. అప్పట్లో జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. అందులో కనీసం లక్షన్నర మంది చనిపోయారని అంచనా. 2 లక్షలు అని చెప్పిన లెక్కలు కూడా ఉన్నాయి. తక్కువ లెక్క తీసుకున్నా ప్రతి 10 మందిలో ముగ్గురు పోయినట్టు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ విషయం మనకి ఎలా తెలుసు?

అప్పటికి ఫొటో అనేదే ప్రపంచానికి తెలియదు. మన దగ్గర జనాభా లెక్కలు మొదలవడానికి ఇంకా దాదాపు 40 ఏళ్లు ఉంది. చూసినవాళ్లు, చూసినవాళ్ల నోట విన్నవాళ్లు, అందరూ పోయారు. అయినా ఇప్పుడు నేను ఫోన్ ముందు కూర్చుని మీకు ఈ అంకెలు చెప్పగలుగుతున్నానంటే ఒకటే కారణం. అప్పుడు ఎవరో ఒకరు కాగితం మీద రాశారు. ఆ కాగితాన్ని 190 ఏళ్లుగా వేరే ఎవరెవరో కాపాడుకుంటూ వచ్చారు.

ఆ కాపాడే పని ఎలా జరుగుతుందో ఈరోజు చూద్దాం. ఆర్కైవ్స్ అంటే చాలామందికి దుమ్ము పట్టిన గది, తాళం, నిద్రపోతున్న గుమస్తా, ఇవే గుర్తొస్తాయి. నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. బ్యాకప్, ఇండెక్స్, రిటెన్షన్ పాలసీ, ఇవన్నీ మా రోజువారీ మాటలు. ఈ టాపిక్ చదువుతుంటే నాకు అర్థమైంది ఏంటంటే, ఈ సమస్యలన్నీ కంప్యూటర్ పుట్టకముందు నుంచే ఉన్నాయి. వాటితో కాగితం మీద కుస్తీ పట్టినవాళ్లు ఉన్నారు.

కాగితం ఎలా పుట్టింది

గుంటూరు కలెక్టర్ కి పైన మద్రాసులో బోర్డ్ ఆఫ్ రెవిన్యూ ఉండేది. దాన్ని 1786లో పెట్టారు. జిల్లాలో ఏం జరిగినా, అంటే వాన పడకపోయినా, శిస్తు రాకపోయినా, జమీందారు బాకీ పడినా, కలెక్టర్ బోర్డుకి ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం మద్రాసు చేరాక ఒక పెద్ద వాల్యూమ్ లోకి కాపీ అయ్యేది. ఏ తేదీన వచ్చింది, బోర్డు దాని మీద ఏం నిర్ణయించింది, తిరిగి ఏం రాసింది, అన్నీ వరసగా. వీటినే ప్రొసీడింగ్స్ అంటారు.

కథ అక్కడితో ఆగదు. ఆ ప్రొసీడింగ్స్ కి ఇంకో నకలు రాయించి లండన్ లోని కంపెనీ ఆఫీసుకి పంపేవాళ్లు. ముఖ్యమైన ఉత్తరాలైతే ఒకే ఉత్తరానికి రెండు మూడు నకళ్లు తీసి వేర్వేరు ఓడల్లో ఎక్కించేవాళ్లు. ఒక ఓడ మునిగినా ఇంకో ఓడ చేరుతుంది కదా.

క్లౌడ్ గురించి తెలిసినవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. ఒకే డేటాని వేర్వేరు ఊళ్లలో పెట్టడం. మనం సర్వర్లతో చేసే పని వాళ్లు గుమస్తాల చేతిరాతతో, తెరచాప ఓడలతో చేశారు. ఆ లండన్ కాపీలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్ పేరుతో ఉన్నాయి. మద్రాసు కాపీలు చెన్నైలో ఉన్నాయి.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. కంపెనీ ఇదంతా మన చరిత్ర కోసం చేయలేదు. శిస్తు లెక్క కోసం, రేపు ఎవడైనా అడిగితే జవాబు చెప్పుకోవడం కోసం చేసింది. ఈ విషయానికి చివర్లో మళ్లీ వద్దాం.

మొదటి శత్రువు చెదపురుగు కాదు

పాత కాగితాలకి పెద్ద శత్రువు ఎవరు అంటే మనం చెదలు, వాన, నిప్పు అంటాం. నన్నడిగితే మొదటి శత్రువు ఆఫీసులో చోటు లేకపోవడం. చోటు లేనప్పుడు ఎవరో ఒక పెద్ద ఆఫీసర్, ఈ పాత చెత్తంతా తీసేయండి అంటాడు.

1858లో కంపెనీ పాలన పోయి బ్రిటిష్ రాణి పాలన వచ్చింది. లండన్ లో కొత్తగా ఇండియా ఆఫీస్ ఏర్పడింది. ఆ మార్పు జరిగిన రోజుల్లో దాదాపు 300 టన్నుల పాత రికార్డులు చిత్తు కాగితాల కింద వదిలించుకున్నారు. 300 టన్నులు! అందులో ఏమున్నాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ కలకత్తాలో కూడా ఇదే తలనొప్పి. 1860లో శాండెమన్ అనే సివిల్ ఆడిటర్ ఒక సలహా ఇచ్చాడు. రోజువారీ మామూలు కాగితాలు నాశనం చేద్దాం, విలువైనవన్నీ ఒకే పెద్ద కేంద్ర భాండాగారానికి తరలిద్దాం అని. సలహా బాగానే ఉంది, పని మాత్రం ముందుకు కదల్లేదు. 1889లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ ప్రొఫెసర్ జి. డబ్ల్యూ. ఫారెస్ట్ కి పాత రికార్డులు పరిశీలించే పని అప్పగించారు. కంపెనీ కాలపు రికార్డులన్నీ ఒక్కచోట చేర్చాలని ఆయన గట్టిగా పట్టుబట్టాడు. చివరికి 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ మొదలైంది. అదే ఈరోజు ఢిల్లీలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా. సలహాకి, పనికి మధ్య 31 ఏళ్లు పట్టింది చూడండి. ఆ మధ్యకాలంలో పోయినవి పోయాయి.

మరి అన్నీ దాచుకోవచ్చు కదా అంటారా? కుదరదండి. ఒక ప్రభుత్వ ఆఫీసులో సంవత్సరానికి ఎన్ని సెలవు చీటీలు, ఎన్ని స్టేషనరీ ఇండెంట్లు పుడతాయో ఊహించుకోండి. నేను పనిచేసిన చోట సర్వర్ లాగ్స్ కి ఒక గడువు ఉండేది, అది దాటితే అవే డిలీట్ అయిపోయేవి. అన్నీ ఉంచితే డబ్బూ చాలదు, వెతికినా ఏదీ దొరకదు. అందుకే ప్రభుత్వ ఫైళ్లకి కూడా తరగతులు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో పని ముగిసిన ఫైల్ ని మూడు రకాలుగా విడదీస్తారు. ఏ తరగతి అంటే శాశ్వతంగా ఉంచాలి, మైక్రోఫిల్మ్ కూడా తీయాలి. బీ తరగతి అంటే శాశ్వతంగా ఉంచాలి, మైక్రోఫిల్మ్ అక్కర్లేదు. సీ తరగతి అంటే కొన్నేళ్లు ఉంచి తర్వాత తీసేయొచ్చు.

అంటే ఒక ఫైల్ చరిత్రలో ఉంటుందా పోతుందా అనేది చాలాసార్లు దాని అట్ట మీద రాసిన ఒక్క అక్షరం తేలుస్తుంది. ఆ అక్షరం రాసేది చరిత్రకారుడు కాదు, ఆ సెక్షన్ లో కూర్చున్న ఒక మామూలు ఉద్యోగి.

దీనికి ఒక చట్టం కూడా ఉంది. పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్, 1993. ఇది కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకి, కేంద్ర సంస్థలకి వర్తిస్తుంది. నిబంధనల ప్రకారం తప్ప ఏ పబ్లిక్ రికార్డునీ నాశనం చేయకూడదు అంటుంది. 1892 కంటే ముందు పుట్టిన రికార్డయితే అసలు ముట్టుకోకూడదు. ఇక ఏ రకంగానూ పనికిరానంతగా పాడైపోయిందని ఆర్కైవ్స్ అధిపతి తేల్చితే తప్ప. ఈ నిబంధన దాటితే 5 ఏళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత కాగితాలు చించితే జైలా అని ఆశ్చర్యపోకండి. ఆ 300 టన్నుల కథ విన్నాక నాకైతే ఆశ్చర్యం వేయలేదు.

అడ్రస్ లేని కాగితం పోయినట్టే

సరే, కాగితం బతికింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి?

మనం అయితే ఏం చేస్తాం? టాపిక్ ప్రకారం పెడతాం. కరువు కాగితాలు ఒకచోట, జమీందార్ల కాగితాలు ఒకచోట. లైబ్రరీలో పుస్తకాలు అలానే ఉంటాయి. ఆర్కైవ్స్ లో మాత్రం అలా చేయరు. అక్కడ రెండు నియమాలు. ఒకటి, ఏ ఆఫీసులో పుట్టిన కాగితం ఆ ఆఫీసు పేరుతోనే ఉండాలి. రెండు, ఆ ఆఫీసు దాన్ని ఏ వరసలో పెట్టుకుందో ఆ వరస చెదరగొట్టకూడదు.

ఎందుకంటే కాగితంలో రాసింది సగం సమాచారమే. దాని ముందు ఏ కాగితం ఉంది, వెనక ఏం ఉంది అనేది మిగతా సగం. కలెక్టర్ ఫలానా తేదీన వానలు లేవు అని రాశాడు అనుకోండి. బోర్డు జవాబు ఎప్పుడు ఇచ్చింది? వారానికా, మూడు నెలలకా? ఆ జవాబులో శిస్తు మాఫీ ఉందా, వసూలు చేయమని ఉందా? వరస చెదిరితే ఈ ప్రశ్నలకి జవాబు ఉండదు. ఉత్తరం ఉంటుంది, బాధ్యత ఎవరిదో తెలియదు. వాట్సాప్ లో ఒక్క మెసేజ్ స్క్రీన్‌షాట్ కి, మొత్తం చాట్ కి ఎంత తేడా ఉంటుందో, ఇదీ అంతే.

గుంటూరు దీనికి మంచి ఉదాహరణ. 1859లో గుంటూరు జిల్లానే రద్దు చేశారు. ప్రాంతాన్ని పక్క జిల్లాల్లో కలిపేశారు. మళ్లీ 1904లో కొత్తగా గుంటూరు జిల్లా ఏర్పాటు చేశారు. మధ్యలో 45 ఏళ్లు అసలు ఆ పేరుతో జిల్లా లేదు. ఆఫీసే లేనప్పుడు ఆ ఆఫీసు కాగితాలు ఎవరివి? వాటిని కొత్త జిల్లా ఫైళ్లలో కలిపేసి ఉంటే ఈరోజు వెతకడం నరకం అయ్యేది. మద్రాసు రికార్డ్ ఆఫీసు వాటిని గుంటూరు డిస్ట్రిక్ట్ రికార్డ్స్ అని పాత పేరుతోనే వేరుగా ఉంచింది. ఆ రికార్డ్ ఆఫీసు 1909లో ఎగ్మూరులో కట్టిన భవనంలోకి మారింది, ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్ అంటున్నాం. గుంటూరు, గోదావరి, మచిలీపట్నం, నెల్లూరు, ఇలా ఒక్కో జిల్లా పాత రికార్డులకి గైడ్ పుస్తకాలు కూడా వేసింది. ఏ వాల్యూమ్ లో ఏముందో చెప్పే పుస్తకాలు అవి. మా భాషలో చెప్పాలంటే మెటాడేటా.

ఆ అడ్రస్ ఉండబట్టే, రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ అనే అమెరికన్ చరిత్రకారుడు ఆ వాల్యూమ్స్ తిరగేసి 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా మీద ఒక పుస్తకం రాయగలిగాడు. అది 1965లో వచ్చింది. పైన ఉన్న కంపెనీ దొరకి, కింద ఉన్న లోకల్ ఉద్యోగులకి మధ్య అసలు అధికారం ఎవరి చేతిలో ఉండేదో ఆ పుస్తకం చూపిస్తుంది. రద్దయిపోయిన జిల్లా కాగితాలు ఒక్కచోట చెదరకుండా ఉండబట్టే ఆ పని సాధ్యమైంది.

రాష్ట్రాలు విడిపోయినప్పుడు కూడా ఇదే చిక్కు. 1953లో ఆంధ్ర మద్రాసు నుంచి విడిపోయింది. బోర్డ్ ఆఫ్ రెవిన్యూ వాల్యూమ్ తెరిస్తే ఒక పేజీలో గుంటూరు, తర్వాతి పేజీలో తంజావూరు ఉంటాయి. దాన్ని ఎలా చించుతారు? చించలేరు. అందుకే తెలుగు జిల్లాల కథ చాలావరకు ఇప్పటికీ చెన్నైలో ఉంది. అన్నదమ్ములు పొలం పంచుకోగలరు గానీ నాన్న డైరీని చించి పంచుకోలేరు కదా.

కాగితానికి ఒంట్లో బాగోకపోతే

ఇప్పుడు కాగితం ఒంటి సంగతి చూద్దాం. మీకో వింత చెప్తాను. 1832 నాటి కాగితం, 1930 నాటి కాగితం పక్కపక్కన పెడితే చాలాసార్లు పాతదే గట్టిగా ఉంటుంది. పాత కాగితం గుడ్డ పీలికల నుంచి చేసేవాళ్లు. 19వ శతాబ్దం మధ్య నుంచి చెక్క గుజ్జుతో చవకగా చేయడం మొదలైంది. అందులో పటిక లాంటివి కలిపేవాళ్లు. దానివల్ల కాగితం లోపలే ఆమ్లం తయారవుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా పసుపు రంగుకి తిరిగి, అప్పడంలా విరిగిపోతుంది. పాత న్యూస్‌పేపర్ మడత విప్పినప్పుడు పొడి రాలుతుంది చూశారా, అదే.

పాత కాగితానికి ఉన్న రోగం వేరు, అది సిరాలో ఉంటుంది. మాచికాయ, అన్నభేది కలిపి చేసిన సిరా నల్లగా, చెరగకుండా ఉంటుంది. కానీ పాళ్లు తేడా వస్తే అదే సిరా మెల్లమెల్లగా కాగితాన్ని తినేస్తుంది. కొన్ని పేజీల్లో అక్షరాలు ఉండాల్సిన చోట అక్షరాల ఆకారంలో చిల్లులు ఉంటాయి.

ఇక మన వాతావరణం. వేడి, తేమ, బూజు, చెదలు, సిల్వర్ ఫిష్. అందుకే రికార్డులు దాచే గదిలో ఉష్ణోగ్రత 22 నుంచి 25 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలంటారు. ర్యాకులు ఇనుపవి, గోడకి ఆనకుండా కొంత దూరంలో, నేలకి కొంత ఎత్తులో ఉండాలి. గోడ చెమ్మ తగలకూడదు, చెదలు నేరుగా పాకకూడదు. బూజు పట్టిన కాగితాల్ని మూసిన పెట్టెలో పెట్టి కింద థైమాల్ పలుకులు వేడి చేస్తారు. ఆ ఆవిరి బూజుని చంపుతుంది. థైమాల్ అంటే కొత్తదేం కాదు, మన ఇళ్లలో తెలిసిన వాము పువ్వే.

చిరిగిన కాగితానికి మరమ్మతు ఎలా చేస్తారో తెలుసా? ముందు ఆమ్లాన్ని తగ్గిస్తారు. సున్నపు తేట లాంటి క్షార ద్రావణంలో ముంచి తీసి ఆరబెడతారు. తర్వాత పల్చటి టిష్యూ కాగితాన్ని పిండితో కాచిన జిగురుతో మీద అంటిస్తారు. ఇక్కడ ఒక గట్టి నియమం ఉంది. నువ్వు చేసిన ఏ మరమ్మతునైనా రేపు ఇంకొకడు ఊడదీయగలగాలి. అందుకే ఫెవికాల్, సెల్లో టేప్ లాంటివి దగ్గరికి కూడా రానివ్వరు. పిండి జిగురైతే తడిపితే ఊడొస్తుంది. కోడ్ రాసేవాళ్లకి అన్‌డూ విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఈ నియమం ఎందుకు పుట్టిందో చెప్పే ఒక కథ కూడా ఉంది. కాగితానికి రెండు వైపులా సెల్యులోజ్ ఎసిటేట్ అనే పల్చటి పొర పెట్టి అసిటోన్ తో అతికించే పద్ధతిని మన నేషనల్ ఆర్కైవ్స్ లోనే రూపొందించారు. పెద్ద మెషీన్లు, కరెంటు అవసరం లేదు, చేత్తో చేసేయొచ్చు. చాలా దేశాలు ఆ పద్ధతి తీసుకున్నాయి. వేల పేజీలు దానివల్ల బతికాయి. కానీ దశాబ్దాలు గడిచాక తెలిసింది, ఆ పొర కూడా ముసలిదవుతుంది, దాన్ని ఊడదీయడం చాలా కష్టం అని. అందుకే ఇప్పుడు మళ్లీ టిష్యూ, పిండి జిగురు వైపే మొగ్గు. ఈరోజు బెస్ట్ అనుకున్నది 50 ఏళ్ల తర్వాత సమస్య కావచ్చు. స్కానింగ్ గురించి మాట్లాడే ముందు ఈ మాట బుర్రలో పెట్టుకోండి.

స్కాన్ చేసేస్తే అయిపోతుందా?

చాలామంది అడిగే మాట ఇదే. అన్నీ స్కాన్ చేసి నెట్ లో పెట్టేస్తే ఈ గొడవంతా ఎందుకు బ్రో అని.

స్కాన్ చేయాలి, అందులో డౌట్ లేదు. కాపీ ఎంత ముఖ్యమో ఐర్లండ్ ని చూస్తే తెలుస్తుంది. 1922 జూన్ 30న, అక్కడి అంతర్యుద్ధం మొదట్లో, డబ్లిన్ లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ పేలుడులో, మంటల్లో పోయింది. వందల ఏళ్ల రికార్డులు బూడిదయ్యాయి. అందులో 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కల అసలు కాగితాలు ఉన్నాయి. 1840ల్లో ఐర్లండ్ లో మహా కరువు వచ్చింది. అంటే కరువుకి ముందు ఏ ఇంట్లో ఎవరున్నారో, తర్వాత ఎవరు మిగిలారో పేర్లతో సహా చెప్పే కాగితాలు ఒక్కరోజులో పోయాయి. మరి 1861 నుంచి 1891 దాకా లెక్కలేమయ్యాయి? వాటిని నిప్పు కాల్చలేదు. ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేయించింది. సగం మంటకి, సగం ఆఫీసు ఆర్డర్ కి పోయాయి.

సరిగ్గా వందేళ్ల తర్వాత, 2022లో, వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో ఉన్న నకళ్లు వెతికి ఆ రికార్డ్ ఆఫీసుని ఆన్‌లైన్ లో కొంతమేర తిరిగి నిలబెట్టారు. ఎక్కడో ఒక కాపీ ఉన్నవి మాత్రమే తిరిగొచ్చాయి.

ఇప్పుడు రెండో కథ. 1086లో ఇంగ్లండ్ రాజు దేశంలో ఎవరికి ఎంత భూమి ఉందో లెక్క రాయించాడు. దాని పేరు డూమ్స్‌డే బుక్. 1986లో దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా బీబీసీ ఒక డిజిటల్ డూమ్స్‌డే తయారు చేసింది. దేశం నలుమూలల నుంచి జనం రాసిన వివరాలు, ఫొటోలు, మ్యాపులు, అన్నీ లేజర్ డిస్కుల మీద ఎక్కించారు. 20 ఏళ్లు కూడా తిరగకుండానే ఆ డిస్కులు చదివే మెషీన్లు కనుమరుగయ్యాయి. ప్రత్యేకంగా నిపుణులు కూర్చుని, పాత కంప్యూటర్ లా నటించే సాఫ్ట్‌వేర్ రాసి దాన్ని బయటికి తీయాల్సి వచ్చింది. 1086 నాటి తోలు పుస్తకం మాత్రం లండన్ ఆర్కైవ్స్ లో హాయిగా ఉంది. దాన్ని చదవడానికి కరెంటు కూడా అక్కర్లేదు.

అందుకే ఆర్కైవ్స్ వాళ్లు మైక్రోఫిల్మ్ ని అంత త్వరగా వదల్లేదు. సరిగ్గా తీసి, సరిగ్గా దాచిన మైక్రోఫిల్మ్ కి 500 ఏళ్ల ఆయుష్షు అంచనా వేస్తారు. చదవడానికి ఒక లెన్సు, కాస్త వెలుతురు ఉంటే చాలు. డిజిటల్ ఫైల్ కి అలా కాదు. కొన్నేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చాలి, ఫార్మాట్ మార్చాలి, మధ్యలో ఒక్క బిట్ కూడా మారలేదని చెక్‌సమ్ తో సరిచూసుకోవాలి. ఈ పని ఎప్పటికీ ముగియదు. కాగితాన్ని మంచి గదిలో పెట్టి 20 ఏళ్లు మర్చిపోయినా ఉంటుంది. హార్డ్ డిస్కుని అలా మర్చిపోతే నమ్మకం లేదు.

స్కానింగ్ వల్ల లాభం మాత్రం మామూలుది కాదు. నేషనల్ ఆర్కైవ్స్ 2015లో అభిలేఖ్ పటల్ అనే పోర్టల్ తెచ్చింది. ఢిల్లీ వెళ్లకుండానే ఫోన్ లో పాత ఫైళ్లు వెతకొచ్చు. ఒక ఊరి పేరు కొట్టి చూడండి. కాకపోతే ఇంగ్లీషు వాళ్లు రాసిన స్పెల్లింగ్ లో కొట్టాలి. విజయవాడ అని కొడితే రాదు, బెజవాడ అని కొట్టండి.

కాగితంలో లేనివాళ్లు

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన విషయానికి వద్దాం. ఆ కాగితాలు శిస్తు కోసం పుట్టాయి అన్నాను కదా.

డొక్కల కరువు రికార్డుల్లో శిస్తు ఎంత తగ్గిందో రూపాయల్లో ఉంటుంది. ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో ఉంటుంది. చనిపోయిన లక్షన్నర మంది పేర్లు మాత్రం ఉండవు. ఐర్లండ్ లో పేర్లు రాసిన కాగితాలు పోయాయి. మన దగ్గర ఆ పేర్లు రాసిన కాగితమే పుట్టలేదు. ఎంత మంచి ఆర్కైవ్ అయినా, ఎవరూ రాయనిదాన్ని దాచలేదు.

మరి ఆ లెక్కల వల్ల ఉపయోగం ఏంటి అంటారా? ఉంది. కరువులతో గోదావరి, గుంటూరు ప్రాంతాలు ఎంత దెబ్బతిన్నాయో, ఆదాయం ఏడాదికేడాది ఎంత పడిపోయిందో ఆ కాగితాలే చూపించాయి. నీళ్లు కట్టకపోతే నష్టం నీకే అని ప్రభుత్వానికి చెప్పాలంటే ప్రభుత్వం రాసుకున్న అంకెలే గట్టి సాక్ష్యం. ఆర్థర్ కాటన్ లాంటి ఇంజనీర్లు అలాంటి లెక్కలతోనే వాదించారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855కల్లా అయింది. ఆకలితో అల్లాడిన నేలకి ఆ తర్వాత నీళ్లొచ్చాయి అంటే అందులో ఆ పొడి పొడి అంకెలకీ వాటా ఉంది.

అంటే ఒకే కాగితం రెండు పనులు చేస్తుంది. పాలించినవాడు దేన్ని లెక్కలోకి తీసుకున్నాడో చెప్తుంది. దేన్ని తీసుకోలేదో కూడా పట్టిస్తుంది. కాగితమే లేకపోతే రెండోదాన్ని మనం అడగను కూడా అడగలేం.

మన రోజుల కాగితం ఎక్కడ?

ఇక మన సంగతి. 1993 చట్టం పబ్లిక్ రికార్డ్ అనే మాటలో ఫైళ్లతో పాటు కంప్యూటర్ లో పుట్టినవాటిని కూడా కలిపింది. ఆ రోజుల్లో అది చాలా ముందుచూపు. 30 ఏళ్లు దాటిన, రహస్యం కాని రికార్డులు ఆర్కైవ్స్ కి చేరాక పరిశోధకులు చూసే వీలుండాలని కూడా అదే చట్టం చెప్తుంది.

అయితే ఈరోజు నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నాయి? ఈమెయిల్ లో, వీడియో కాల్ లో, వాట్సాప్ గ్రూపుల్లో. కరోనా సమయంలో జిల్లా స్థాయిలో ఆక్సిజన్ కోసం, బెడ్ల కోసం ఎన్ని మెసేజ్ లు అటూ ఇటూ తిరిగి ఉంటాయో ఊహించండి. ఒక ఆఫీసర్ ఫోన్ మారిస్తే అవి ఏమవుతాయి? 1832లో గుంటూరు కలెక్టర్ రాసిన ఉత్తరానికి రెండు ఖండాల్లో కాపీలు ఉన్నాయి. 2021లో ఒక ఆఫీసర్ పెట్టిన మెసేజ్ కి 2050లో ఒక్క కాపీ అయినా ఉంటుందా? దాన్ని ఉంచాలని ఎవరైనా నిర్ణయించి, అడ్రస్ ఇచ్చి, కాపాడితేనే ఉంటుంది. దానంతట అది ఉండదు.

ఆఫీసుకి వెళ్తే ఫైల్ దొరకడం లేదండీ అనే జవాబు మనలో చాలామంది విన్నాం. పట్టా కోసమో, పెన్షన్ కోసమో తిరిగే పెద్దాయనకి ఆ ఒక్క వాక్యంతో జీవితం తలకిందులవుతుంది. ఆర్కైవ్స్ గొడవ చరిత్ర పుస్తకాలకి సంబంధించింది అనుకుంటాం గానీ, అసలు గొడవ ఆ పెద్దాయనది. కాగితం ఉంటే అతను ప్రభుత్వాన్ని ప్రశ్నించగలడు. లేకపోతే ప్రభుత్వం చెప్పిందే నిజం.

మీకు చిన్న పని ఇస్తాను. ఇంట్లో ఉన్న పాత దస్తావేజులు, ఉత్తరాలు, పాస్‌బుక్కులు ఒకసారి బయటికి తీయండి. ప్లాస్టిక్ కవర్ లో, రబ్బరు బ్యాండ్ వేసి ఉంటే తీసేయండి. లామినేషన్ మాత్రం చేయించకండి, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. పొడి చోట పెట్టండి. ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఎవరిది, ఏ ఊరిది, ఏ సంవత్సరానిది అనేది ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి. పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఆ చీటీ రాయగలరు.

వచ్చే ఎపిసోడ్ లో హైదరాబాద్ తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్ గురించి, అక్కడ ఉన్న షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి ఫార్సీ కాగితాల గురించి మాట్లాడుకుందాం. ఢిల్లీ బాదుషాల కాగితాలు మన ఊళ్లో ఎందుకున్నాయి అనేది ఇంకో పెద్ద కథ. అప్పటిదాకా, ఉంటాను.